ముప్ఫై ఒక్క బాగుందండీలు

కాగితం మీద నలభై రెండు ప్రశ్నలు. బాపట్లలోని ఆ బాలికల గృహంలో ముప్ఫై ఒక్కమంది పిల్లలు. ఒక్కొక్కరూ అన్ని ప్రశ్నలకీ ఓపిగ్గా టిక్కులు పెట్టారు. అందరూ పెట్టింది ఒకే గడిలో. "చాలా బాగుంది."

ఆ కాగితాల దొంతర ముందేసుకుని ప్రత్యూష తల పట్టుకుంది. తెనాలి నుంచి ప్యాసింజరు రైలెక్కి వచ్చే అమ్మాయి, సోషల్ వర్క్ చదువుతోంది. అమ్మానాన్నలు లేని పిల్లలు, ఇళ్ళల్లో దెబ్బలు తిని బయటపడిన పిల్లలు, వాళ్ళ మనసు ఎలా ఉంది, బతుకు ఎలా ఉంది అన్నది ఆమె పరిశోధన.

"మేడం, 'నాకు అప్పుడప్పుడు ఊరికే ఏడుపొస్తుంది' అన్నదానికి కూడా చాలా బాగుంది అని పెట్టారండి."

"బాగున్నారు కాబట్టి బాగుందన్నారు. దానికంత బాధ ఏంటమ్మా నీకు?" అంది చంద్రకళ. ఆమె ఆ గృహానికి తొమ్మిదేళ్ళుగా వార్డెను.

"ఇవే ప్రశ్నలు తెనాలిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇచ్చానండి. ఆ పిల్లలకి అమ్మా నాన్నా ఉన్నారు, సొంతిల్లుంది, ఆదివారం బిర్యానీ ఉంది. వాళ్ళకి సగం మార్కులు కూడా రాలేదు. మీ పిల్లలకి నూటికి నూరు. ఇంత ఆనందం భూమ్మీద ఎక్కడా ఉండదు మేడం."

చంద్రకళకి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నుంచీ నీళ్ళ మోటారు పనిచెయ్యడం లేదు, వంటమనిషి కూతురి సీమంతానికని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది, రెండో స్నానాల గది తలుపు గడియ ఊడి మూడు నెలలైంది. వీటిలో ఒక్కదాని గురించీ ఏ పరిశోధకురాలూ అడగదు. పిల్లలు సంతోషంగా ఉన్నారంటే మాత్రం ఎందుకున్నారని అడగడానికి రైలెక్కి వస్తుంది.

నిజానికి ఎందుకున్నారో చంద్రకళకి తెలుసు. తనే నేర్పింది.

ఊళ్ళో ఎవరి పుట్టినరోజైనా, పెళ్ళిరోజైనా, తండ్రి సంవత్సరీకమైనా, గృహానికి వచ్చి పిల్లలకి భోజనం పెట్టడం అక్కడివాళ్ళకి అలవాటు. మంచి అలవాటే, మంచి మనుషులే. కాకపోతే అన్నం గిన్నెలు దిగాక వెంటనే వడ్డన ఉండదు. ముందు పిల్లలు వరసలో నిలబడాలి. ముఖం తెలియని మనిషికి చప్పట్లు కొట్టి పుట్టినరోజు పాట పాడాలి. కేకు కోయాలి, ఫొటోలు తీయాలి, ఒక ఫొటోలో ఎవరో కళ్ళు మూసుకున్నారని మళ్ళీ తీయాలి. ఈలోగా సాంబారు మీద తెట్టు కడుతుంది. అప్పుడు అందరూ కూర్చున్నాక వచ్చినాయన ప్రేమగా అడుగుతాడు, "ఎలా ఉందమ్మా?" అని. ముప్ఫై ఒక్క గొంతులు ఒక్కసారే అంటాయి, "బాగుందండీ!"

ఒక ఏడాది ఒక పిల్ల ఉన్నమాట అనేసింది, పులిహోర పాచిపోయిందని. ఆ కుటుంబం మళ్ళీ గుమ్మం తొక్కలేదు. గృహం నడిపే ట్రస్టుకి పెద్ద జగన్నాథరావు గారు. ఆయన చంద్రకళని ఎదురుగా నిలబెట్టి గంటసేపు క్లాసు పీకారు. ఆ రోజు నుంచీ కొత్తగా ఏ పిల్ల వచ్చినా కంచం, పెట్టె, దుప్పటితో పాటు ఈ పాఠం కూడా అందేది. "కొత్తవాళ్ళెవరు ఏమడిగినా బాగుందండీ అనాలి. ఆ 'అండీ' మాత్రం మర్చిపోకూడదు."

ఈ పాఠంలో అందరికంటే మంచి మార్కులు చందనవి.

చందనకి పదిహేనేళ్ళు. పెనుమూడి పిల్ల. తల్లి, తండ్రి ఏడాది తేడాలో పోతే అక్కడే బాబాయి ఇంట్లో రెండేళ్ళుంది. మూడేళ్ళ కింద రేపల్లె స్టేషన్లో బెంచీ కింద ముడుచుకుని కూర్చుని ఉంటే రైల్వే పోలీసులు చూసి పిల్లల సంక్షేమ కమిటీకి అప్పగించారు, కమిటీ ఇక్కడికి పంపింది. ఎడమ ముంజేతి మీద మోచేయి దాకా ముడతలు పడ్డ మచ్చ ఉంది. అదేంటని రిజిస్టరులో రాయడానికి అడిగితే "గంజి పొంగిందండి" అంది. గంజి పొంగిందనే రాసుకున్నారు.

ఈ మూడేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఆకలేస్తోంది అనలేదు, చలేస్తోంది అనలేదు. ఒకసారి చెవిలో చీము పట్టింది. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. తలగడ గలీబు తడిసి కంపు కొడితే పక్కపిల్ల పట్టిచ్చింది. చంద్రకళ అప్పట్లో దాన్ని ఓర్పు అనుకుంది. వచ్చిన ప్రతివాళ్ళకీ "ఇదిగో, ఈ పిల్ల బంగారమండి, నోట్లోంచి మాట రాదు" అని చూపించేది. మాట రాకపోవడం బంగారం ఎలా అయిందో అప్పుడు ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ప్రత్యూష కాగితాలు సర్దుకుని వెళ్ళిన మర్నాడే చందన బాబాయి వీరాస్వామి వచ్చాడు. కొల్లూరు లంకల్లో పండిన చక్కెరకేళి గెల ఒకటి భుజాన మోసుకుని రేపల్లె బస్సు దిగాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, గొంతులో తేనె.

"మా అన్న కూతురండి. మా రక్తం. పరాయి పంచన ఎన్నాళ్ళుంటదండి? తీసుకెళ్ళిపోతానని కమిటీకి అర్జీ పెట్టుకున్నానమ్మా."

"మూడేళ్ళ తర్వాత గుర్తొచ్చిందా బాబూ?"

"కుదరొద్దాండి? ఇప్పుడైతే ఇంట్లో సందడిగా కూడా ఉందండి. మా ఆవిడకి కవలలు పుట్టారు."

చంద్రకళకి విషయం అర్థమైపోయింది. ఇద్దరు పసిపిల్లలు, రెండు గేదెలు, బాలింత. రక్తం ఇప్పుడెందుకు ఉడికిందో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు.

కమిటీ అంటే పిల్లల బాగోగులు చూసి, ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించే సభ్యుల బృందం. వాళ్ళలో సీతారామాంజనేయులు గారని రిటైరైన హెడ్మాస్టారు ఉన్నారు. తొందరపడే మనిషి కాదు. ఆ గురువారం అర్జీ విచారణలో ఆయన చందనని ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగారు.

"మీ బాబాయి, పిన్ని నిన్నెలా చూసేవాళ్ళమ్మా?"

"బాగా చూసేవాళ్ళండి."

"మళ్ళీ అక్కడికి వెళ్ళడం నీకిష్టమేనా?"

"ఇష్టమేనండి."

చంద్రకళ ఉండబట్టలేకపోయింది. "లేదండి! దీనికి జ్వరం వచ్చినప్పుడు పలవరించింది. 'పిన్నీ, వద్దు పిన్నీ, చెయ్యి వద్దు' అని. నేను నా చెవులతో విన్నాను."

మాస్టారు చందన వైపు చూశారు. చందన నేల చూసింది. "జ్వరంలో ఏమన్నానో నాకు తెలీదండి," అంది.

"చూడమ్మా, జ్వరంలో అన్నమాట పట్టుకుని సొంతవాళ్ళని కాదనలేం. ఏదైనా ఉంటే పిల్ల నోటితోనే రావాలి," అన్నారు ఆయన చంద్రకళతో. "వచ్చే గురువారం మళ్ళీ రండి. ఆ రోజు తేల్చేస్తాం."

బయట వరండాలోకి రాగానే చంద్రకళ పిల్ల భుజం పట్టుకుని ఆపింది. "నీకేమైనా మతి పోయిందా? బాగా చూసేవాళ్ళని ఎందుకు చెప్పావు?"

చందన ఆమె ముఖంలోకి నిజంగా ఆశ్చర్యపోతూ చూసింది. "కొత్తవాళ్ళెవరు ఏమడిగినా అలాగే అనాలని మీరే కదా మేడం చెప్పింది?"

చంద్రకళ పిల్లని ఆటో ఎక్కించింది. దారి పొడుగునా ఆటోవాడి మీద అరిచింది, ఎదురొచ్చిన లారీ మీద అరిచింది, చివరికి ఎవరూ దొరక్క తన చేతిసంచి మీద విసుక్కుంది. కోపమంతా ఎవరి మీదో ఆమెకి బాగా తెలుసు.

గురువారానికి ఇంకా ఏడు రోజులే ఉన్నాయి. ఇన్నేళ్ళు నూరిపోసినదాన్ని ఏడు రోజుల్లో కక్కించాలి. ఆ సాయంత్రం వడ్డనకి ముందు పిల్లలందర్నీ కూర్చోబెట్టి కొత్త రూలు పెట్టింది.

"ఇవాళ్టి నుంచి ప్రతి ఒక్కరూ రోజుకి ఒక్కటైనా బాగోలేదని చెప్పాలి. చెప్పకపోతే ఊరుకోను."

పిల్లలు బిక్కచచ్చిపోయారు. కాసేపటికి ఒక పెద్దపిల్ల లేచి చేతులు కట్టుకుని అంది, "మేడం, మీరు మాకోసం చాలా కష్టపడుతున్నారండి. అది బాగోలేదండి."

తక్కినవాళ్ళకి దారి దొరికింది. మీరు సరిగ్గా నిద్రపోవడం లేదండి, అది బాగోలేదండి. మీకు మోకాళ్ళ నొప్పులండి, అది బాగోలేదండి. చంద్రకళ నుదురు కొట్టుకుంది. ఫిర్యాదు చెయ్యమంటే సన్మానం చేస్తున్నారు! ఇలాంటి పిల్లల్ని పెట్టుకుని ఏం చెయ్యాలి? ఇలా తయారు చేసినదాన్ని ఏం చెయ్యాలి?

రెండో రోజు ఒకళ్ళు కాస్త ధైర్యం చేశారు. "రెండో స్నానాల గదికి గడియ లేదండి. ఒకళ్ళు స్నానం చేస్తుంటే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకోవాలండి."

"ఆ, అదీ! అలా చెప్పాలి," అంది చంద్రకళ. మర్నాడు వడ్రంగిని పిలిపించి దగ్గరుండి గడియ పెట్టించింది. చెప్తే పని జరుగుతుందన్న సంగతి పిల్లలకి అప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది. ఆ సాయంత్రం పది చేతులు లేచాయి. పప్పు నీళ్ళలా ఉంటోందట. యూనిఫారం చంకల్లో బిగుతట. పుట్టినరోజు పాట అయ్యేసరికి అన్నం చల్లారిపోతోందట. "మాకు పుట్టినరోజులు లేవా మేడం?" అని ఒక పిల్ల అడిగింది. ఊరూపేరూ తెలియకుండా వచ్చిన పిల్లలందరికీ రిజిస్టరులో పుట్టినరోజు జూన్ ఒకటి అని రాసేసిన చేయి చంద్రకళదే.

అప్పుడు లేచింది ఉషశ్రీ. తొమ్మిదేళ్ళది, అందరికంటే చిన్నది. "మీరు బాగా అరుస్తారండి. నాకు భయమేస్తది."

"నేనెప్పుడరిచానే!" అని అరిచింది చంద్రకళ.

లేచిన చేతులన్నీ దిగిపోయాయి. ఉషశ్రీ కూలబడినట్టు కూర్చుంది. "లేదండి, బాగుందండి," అంది గబగబా.

వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న చందన అంతా చూస్తోంది. ఆ చూపులో తప్పుపట్టడమేమీ లేదు. తనకి ముందే తెలిసింది మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నట్టుంది, అంతే. చంద్రకళ ఆ చూపు చూసింది. ఉషశ్రీని దగ్గరికి పిలిచి, "అరుస్తాను. నిజమే. నువ్వు చెప్పింది నిజమే," అంది. ఉషశ్రీ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మిగతావాళ్ళకి మాత్రం అప్పటికే ఆలస్యమైంది. మిగిలిన రోజుల్లో ఫిర్యాదులు మళ్ళీ మోకాళ్ళ నొప్పుల దగ్గరికి వెళ్ళిపోయాయి. చందన వంతు వచ్చినప్పుడల్లా "నాకేం లేవండి" అనేది.

బుధవారం మధ్యాహ్నం బియ్యం ఏరుతున్న చందన పక్కన చతికిలబడింది చంద్రకళ.

"రేపే కమిటీ. తెలుసు కదా?"

"తెలుసండి."

"వాళ్ళింటికి పోవాలనుందా నీకు?"

చందన బియ్యంలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పెట్టింది. మళ్ళీ బియ్యంలోకే చూస్తూ అంది, "ఉన్నమాట చెప్తే కమిటీవాళ్ళకి కోపమొస్తదండి. కోపమొచ్చి నన్ను అక్కడికే పంపించేస్తే? అప్పుడు ఆ ఇంట్లో ఉండాల్సింది నేనే కదండి."

"కోపం రాదే. ఉన్నమాట చెప్తే వాళ్ళు వింటారు."

"మీకొచ్చింది కదండి," అంది చందన. గొంతులో ఏ నిష్ఠూరమూ లేదు. మళ్ళీ బియ్యం ఏరుకోవడంలో పడిపోయింది.

గురువారం కమిటీ గదిలో వీరాస్వామి ముందే వచ్చి కూర్చున్నాడు. చందన కోసం కొత్త పావడా ఓణీ పొట్లం కూడా ఒళ్ళో పెట్టుకున్నాడు. సీతారామాంజనేయులు గారు అతన్ని బయట కూర్చోమన్నారు. చంద్రకళని కూడా బయటికి వెళ్ళమన్నారు, పిల్లతో ఒంటరిగా మాట్లాడతామని.

"మేడం ఉండాలండి," అంది చందన.

మాస్టారు కళ్ళద్దాల మీంచి చూశారు. "ఎందుకమ్మా? భయమా?"

"కాదండి. ఉండాలండి."

సరే అన్నారు. చంద్రకళ గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు 'బాగుందండి' అంటే అంతా అయిపోయినట్టే. సాయంత్రం బస్సుకి పిల్ల పెనుమూడి చేరుతుంది.

"చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

చందన చంద్రకళ వైపు తిరిగింది. "ముందు మేడం గురించి చెప్తానండి."

చంద్రకళ కుర్చీ అంచుకి జరిగింది.

"కిందటేడు నాకు జ్వరమొచ్చిందండి. లేవలేకపోయానండి. ఆ రోజు ఎవరిదో పుట్టినరోజండి. మేడం నన్ను లేపి, ముఖం కడిగి, వరసలో నిలబెట్టారండి. లెక్కకి ముప్ఫై ఒక్కమందీ ఫొటోలో ఉండాలన్నారండి. పాట పాడించారండి. నేను పాడుతూ పడిపోయానండి. ఎండకి పడిపోయిందని వాళ్ళకి చెప్పారండి." చందన మాస్టారి వైపు తిరిగింది. "నేను పలవరించింది అప్పుడేనంట. మేడం అప్పుడే విన్నారంట. కానీ ఏంటని నన్నెప్పుడూ అడగలేదండి. ఎవరడిగినా బాగుందండీ అనమన్నారండి."

మాస్టారు కలం మూత తీశారు. "ఏమ్మా, ఇది నిజమేనా?"

చంద్రకళ నాలుక చివర్న వంద సమాధానాలు నిలబడ్డాయి. వంటమనిషి లేదండి. ట్రస్టువాళ్ళు ఊరుకోరండి. ముప్ఫై ఒక్కమందికి నేనొక్కదాన్నండి. అన్నీ నిజాలే. అరవాలనిపించింది కూడా, నీకోసం వారం రోజులుగా నేను చచ్చిపోతుంటే నా మీదే చెప్తావా అని. ఎదురుగా ఆ పిల్ల కళ్ళార్పకుండా చూస్తోంది. ఉషశ్రీ విషయంలో చూసినట్టే చూస్తోంది. ఈ చూపుకి తప్పు సమాధానం ఇస్తే ఇంకో అవకాశం లేదని చంద్రకళకి అర్థమైంది.

"నిజమేనండి," అంది. "మొత్తం నిజమేనండి. తప్పు నాదే. రాసుకోండి."

మాస్టారు రాసుకున్నారు. చందన ఆయన రాయడం అయ్యేదాకా ఆగింది. చంద్రకళ ముఖంలోకి ఇంకోసారి చూసింది. అరుపు రాలేదు.

అప్పుడు ఆ పిల్ల జాకెట్టు ఎడమ చేతిని మోచేయి పైకి మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఇది గంజి పొంగి కాలింది కాదండి," అంది. "పిన్ని పోసిందండి. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడండి."

ఆ తర్వాత అరగంట ఆపకుండా మాట్లాడింది. మూడేళ్ళ మాటలు కదా. మధ్యలో ఒక సభ్యురాలు మంచినీళ్ళిస్తే తాగి మళ్ళీ మొదలుపెట్టింది. చంద్రకళ కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసి వింటూ కూర్చుంది. ఎన్నిసార్లు ఈ పిల్ల తన పక్కనే కూర్చుని బియ్యం ఏరింది! ఒక్కసారి అడిగితే ఏం పోయేది? తన మీద తనకి అంత చిరాకు ఎప్పుడూ కలగలేదు.

వీరాస్వామి అర్జీ కొట్టేశారు. చేతి సంగతి పోలీసులకి రాశారు. బయట కూర్చున్న వీరాస్వామి గొంతులో తేనె ఒక్క నిమిషంలో ఆవిరైపోయింది. "రెండేళ్ళు మా తిండి తిని చివరికి మా మీదే చెప్పిందా!" అని పొట్లం విసిరేసి వెళ్ళిపోయాడు. చంద్రకళకి వేరే కాగితం ఇచ్చారు. జ్వరమున్న పిల్లని వరసలో నిలబెట్టినందుకు వారం లోపల సంజాయిషీ ఇవ్వాలి. సంతకం పెట్టి తీసుకుంది.

ఇద్దరూ ఆటో ఎక్కారు.

"మీకు కోపమొచ్చిందా మేడం?"

"వచ్చింది," అంది చంద్రకళ. "నీ మీద కాదులే."

ఇంతలో ఫోను మోగింది. జగన్నాథరావు గారు. ఆయన గొంతు ఆటో చప్పుడుని మించి వినిపిస్తోంది.

"అమ్మా చంద్రకళా, ఎక్కడున్నావు? ఇక్కడ పిల్లలు తిరగబడ్డారు! ఒకాయన కొడుకు పుట్టినరోజని భోజనాలు తెస్తే, పాట తర్వాత పాడతాం, ముందు వేడివేడిగా అన్నం పెట్టండి అంటున్నారు. ఆ బుడ్డది, ఉషశ్రీ, అందరికంటే ముందు అడిగింది!"

"ఆయనేమన్నారండి?"

"ఏమంటాడు, నవ్వుతూ వడ్డిస్తున్నాడు. అది సరే, ఎవరమ్మా వీళ్ళకి ఇదంతా నేర్పింది?"

"నేనేనండి. సాయంత్రం వచ్చి మాట్లాడతాను. మీకు చూపించాల్సిన కాగితం కూడా ఒకటుంది," అని ఫోను పెట్టేసింది. ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ప్రత్యూషకి మాత్రం ఇవాళే ఫోను చెయ్యాలి, ఆ నలభై రెండు ప్రశ్నలూ పట్టుకుని మళ్ళీ రమ్మని. ఈసారి మార్కులు సగం కూడా రావు.

ఆటో బజారు మలుపు తిరిగింది. రోడ్డు పక్క హోటల్లోంచి పెసరట్టు వాసన గుప్పున కొట్టింది. చందన సీటు మీద కాస్త కదిలింది. ఏదో అనబోయి ఆగి, మళ్ళీ నోరు తెరిచింది.

"మేడం, ఆకలేస్తోందండి."

మూడేళ్ళలో మొదటిసారి. ఎవరూ అడగకుండానే.

చంద్రకళ ముందుకి వంగి, డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కేలా అరిచింది, "ఆపవయ్యా బాబూ, ఆపు! పిల్లకి ఆకలేస్తోందంట!"